పగలు పొలం కాగితాలు, రాత్రి వాలొరెంట్: ఇద్దరికీ ఒకే కీబోర్డు సరిపోతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. ఇంటి ముందు గదిలోనే చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. పగలంతా దరఖాస్తులు, అఫిడవిట్లు, పొలం కాగితాలు టైపు కొట్టడమే పని. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో కొడతాను. షట్టర్ దించాక అదే సిస్టమ్ మీద మా తమ్ముడు వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడతాడు. ఇప్పుడున్న కీబోర్డు ఐదారు వందలది. అక్షరాలు అరిగిపోయాయి, స్పేస్ బార్ ఒక్కోసారి పడదు. కొత్తది కొందామంటే హాల్ ఎఫెక్ట్ కీబోర్డే కావాలని వాడు పట్టుబట్టాడు. "అది ఉంటేనే గెలుస్తాం, నీ టైపింగ్‌కి కూడా మంచిగుంటది అక్కా" అంటున్నాడు. వాడు చూపించింది లైట్లున్న చిన్న కీబోర్డు, ఐదు వేల పైచిలుకు. నేను ఆరు వేల దాకా పెట్టగలను. వాడి మాట నిజమేనా? నా పని పాడవదు కదా? మా దగ్గర దుమ్ము, ఎండ సంగతి మీకు తెలిసిందే. పాత కీబోర్డు పారేద్దామని కూడా అంటున్నాడు.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. హాల్ ఎఫెక్ట్ కీబోర్డు, అంటే కీ ఎంత లోతుకు దిగిందో అయస్కాంతంతో కనిపెట్టేది, మీ ఇద్దరికీ పనికొచ్చే వస్తువే. కానీ అతను చూపించిన ఆ చిన్న కీబోర్డు మాత్రం కొనకండి. దానిలోని హాల్ ఎఫెక్ట్‌తో పేచీ లేదు, సైజుతోనే పేచీ.

అతను చూపించింది 60 శాతం సైజు అయి ఉంటుంది. గేమింగ్ కోసం అమ్మే హాల్ ఎఫెక్ట్ కీబోర్డుల్లో ఎక్కువ భాగం 60, 65, 75 శాతం సైజుల్లోనే వస్తున్నాయి. ఆట ఆడేవాళ్లకు అవి బాగుంటాయి, మౌస్ తిప్పుకోవడానికి టేబుల్ మీద చోటు మిగులుతుంది. 60 శాతం అంటే పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే వరుస ఉండదు, బాణం గుర్తుల కీలు ఉండవు, కుడివైపు అంకెల ప్యాడ్ ఉండదు. ఇంకో కీ కూడా పోతుంది, దాని సంగతి గేమింగ్ రివ్యూల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లెవరూ తెలుగు టైపు కొట్టరు. అంకె 1కి ఎడమ పక్కన, ఎస్కేప్ కింద ఉండే కీ. ఇంగ్లిష్‌లో దానితో పెద్ద పని ఉండదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో అది 'ఒ' గుణింతపు గుర్తు. 60 శాతం కీబోర్డులో ఆ చోటుకి ఎస్కేప్ వచ్చి కూర్చుంటుంది. ఆ గుర్తు కావాలంటే ఎఫ్ఎన్ అనే ఇంకో కీ పట్టుకుని నొక్కాలి. ఇప్పుడు మీరే చెప్పండి, పొలం, మొత్తం, కొనుగోలు, కొడుకు, రొక్కం అనే మాటలు లేకుండా మీ షాపులో ఒక్క కాగితమైనా బయటికి వెళ్తుందా? ప్రతి 'పొలం' దగ్గరా ఆగి రెండు కీలు పట్టుకోవడమంటే రెండో రోజుకే ఆ కీబోర్డు మీద విరక్తి పుడుతుంది.

65 శాతం కీబోర్డుల్లో బాణాలు వస్తాయి కానీ, చాలావాటిలో ఈ ఇబ్బంది అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ కీని మార్చుకోవచ్చు నిజమే, మార్చుకుంటే ఎస్కేప్ ఎక్కడికో పోతుంది, అప్పుడు రాత్రిపూట మీ తమ్ముడు ఊరుకోడు. కనీసం 75 శాతం ఉండాలి, అందులో ఎస్కేప్ పై వరుసలో ఉంటుంది, ఆ కీ తన చోటే ఉంటుంది. ఇంకా మంచిది టీకేఎల్, అంటే అంకెల ప్యాడ్ తప్ప మిగతావన్నీ ఉండే కీబోర్డు.

మరి అంకెల ప్యాడ్? ఆధార్ 12 అంకెలు, ఫోన్ నంబరు 10, ఆపైన సర్వే నంబర్లు, ఎకరాలు గుంటలు, ఖాతా నంబర్లు. మీరు రోజూ కొట్టే అంకెలు ఒక బ్యాంకు గుమాస్తా కొట్టినన్ని ఉంటాయి. అంకెల ప్యాడ్‌తో కలిపి వచ్చే పూర్తి సైజు హాల్ ఎఫెక్ట్ కీబోర్డులు ఉన్నాయి కానీ తక్కువ, మీ ఆరు వేలలో ఎంచుకోవడానికి పెద్దగా దొరకవు. అందుకని టీకేఎల్ లేదా 75 శాతం కీబోర్డు తీసుకుని, పక్కన విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి పెట్టుకోండి. అది వందల్లోనే వస్తుంది. దానికి హాల్ ఎఫెక్టూ అక్కర్లేదు, లైట్లూ అక్కర్లేదు. సాయంత్రం దాన్ని పక్కకి జరిపేస్తే మీ తమ్ముడి మౌస్‌కి చోటు దొరుకుతుంది. ఈ ఏర్పాటు పూర్తి సైజు కీబోర్డు కంటే మీ ఇంటికి బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

ఇక అసలు ఈ హాల్ ఎఫెక్ట్ ఏమిటో చూద్దాం. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ ఒక సంగతి గమనించాడు. కరెంటు ప్రవహిస్తున్న పలుచని రేకును అయస్కాంతం ముందు పెడితే, ఆ ప్రవాహానికి అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. అయస్కాంతం బలంగా ఉంటే ఆ వోల్టేజీ ఎక్కువ, బలహీనమైతే తక్కువ. ఈ కీబోర్డుల్లో ప్రతి కీ కాడలో చిన్న అయస్కాంతం, కింద బోర్డు మీద దాన్ని కనిపెట్టే సెన్సరు ఉంటాయి. కీ నొక్కుతున్నకొద్దీ అయస్కాంతం సెన్సరుకు దగ్గరవుతుంది, వోల్టేజీ మారుతుంది, కీ ఎంత లోతుకు దిగిందో కీబోర్డుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. 1960ల చివర్లోనే హనీవెల్ వాళ్ల మైక్రోస్విచ్ విభాగం ఇలాంటి కీబోర్డులు చేసింది. అప్పట్లో ఖరీదెక్కువ. ఆటల పుణ్యమా అని ఈమధ్య మళ్లీ వచ్చాయి.

మామూలు మెకానికల్ కీబోర్డులో రెండు లోహపు రేకులు తాకితే అక్షరం పడుతుంది, విడిపోతే ఆగుతుంది. ఆ తాకే చోటు తయారీలోనే ఖాయమైపోతుంది. బాగా అమ్ముడయ్యే ఎర్ర స్విచ్‌లలో అది దాదాపు 2 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, కీ మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు. హాల్ ఎఫెక్ట్‌లో ఆ చోటు ఎక్కడుండాలో మీరే చెప్పవచ్చు, చాలావాటిలో 0.1 నుంచి దాదాపు 4 మిల్లీమీటర్ల దాకా. కీకి కీకి వేరుగా కూడా పెట్టుకోవచ్చు. మీ ఇద్దరికీ ఒకే కీబోర్డు సరిపోవడానికి కారణం ఇదే. పగలు మీ చేతికి తగ్గట్టు ఒక రకంగా, రాత్రి అతని చేతికి తగ్గట్టు ఇంకో రకంగా మారగలదు.

అతను మెచ్చుకుంటున్నది ర్యాపిడ్ ట్రిగ్గర్ అనే సదుపాయాన్ని. డచ్ కంపెనీ వూటింగ్ కీబోర్డులతో దీనికి పేరొచ్చింది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో పరుగెత్తుతూ కాలిస్తే గురి తప్పుతుంది, ఆగి కాల్చాలి. ఆగాలంటే నడక కీ వదలాలి. మామూలు కీబోర్డులో కీ ఒక నిర్ణీత ఎత్తు దాటి పైకి వస్తేగానీ వదిలినట్టు లెక్క కాదు. ర్యాపిడ్ ట్రిగ్గర్‌లో వేలు కాస్త పైకి లేచిన క్షణమే వదిలినట్టు లెక్క, మళ్లీ కాస్త దిగితే నొక్కినట్టు లెక్క. ఆ తేడా చేతికి తెలుస్తుంది, అది ప్రచారం మాత్రమే కాదు. అయితే "అది ఉంటేనే గెలుస్తాం" అన్నది మాత్రం కుర్రతనం. గేమ్ సర్వరు ఎక్కడో దూరాన ఉంటుంది, మీ ఇంటి నుంచి అక్కడికి వెళ్లి రావడానికి పట్టే సమయం స్క్రీన్ మీద పింగ్ అని కనిపిస్తూనే ఉంటుంది. మీ మానిటర్ మామూలు 60 హెర్ట్జ్‌దైతే బొమ్మ 16.7 మిల్లీ సెకన్లకోసారి మాత్రమే మారుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 8000 హెర్ట్జ్ పోలింగ్ అని రాసుంటుంది చూడండి, అంటే కీబోర్డు సెకనుకు అన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందని, దానికీ మామూలు 1000 హెర్ట్జ్‌కూ తేడా ఒక మిల్లీ సెకను కూడా లేదు, 0.875 మాత్రమే. ఆ అంకె కోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టకండి. ఆటే ముఖ్యమనుకుంటే ముందు మారాల్సింది మానిటరు. ఈ మాట అతనికి నచ్చదు, నాకు తెలుసు.

స్నాప్ ట్యాప్ గురించి కూడా అతనికి ఓ మాట చెప్పండి. ఎడమ, కుడి కీలు రెండూ ఒకేసారి నొక్కితే చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకునే సదుపాయం అది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ సంస్థ తన అధికారిక సర్వర్లలో దాన్ని నిషేధించింది, వాడుతున్నట్టు తేలితే మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తుంది. కీబోర్డులో ఉన్నా ఆపేసి పెట్టుకోవాలి.

ఇప్పుడు మీ టైపింగ్ సంగతి, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే. ఆటలో నడవడానికి వాడే కీలు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ. అతను ఈ నాలుగింటినీ 0.1 మిల్లీమీటరుకు దించి, ర్యాపిడ్ ట్రిగ్గర్ పెట్టి, రాత్రి పన్నెండింటికి అలాగే వదిలేసి పడుకుంటాడు. పొద్దున మీరు వచ్చి ఇన్‌స్క్రిప్ట్‌లో మొదలుపెడతారు. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాల గుర్తులు ఎడమ చేతి వైపే ఉంటాయి కదా. ఏ కీ ఓత్వం, ఎస్ కీ ఏత్వం, డబ్ల్యూ కీ ఐత్వం. అన్నిటికంటే ముఖ్యంగా డీ కీ పొల్లు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా దాన్ని కొట్టాల్సిందే, 'విజ్ఞప్తి' అన్న ఒక్క మాటకే రెండుసార్లు. 0.1 మీద ఉంటే వేలు ఆనించి ఆలోచిస్తున్నా అక్షరం పడిపోతుంది. ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉంటే, నొక్కేటప్పుడు వేలు కొంచెం వణికినా ఒకసారి నొక్కింది రెండుసార్లు అవుతుంది. పొల్లు రెండుసార్లు పడితే ఆ మాటలో చుక్కల వలయం తేలుతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎక్కువ పడితే కంటికి కనబడుతుంది, తెలుగులో ఒక్కోసారి ప్రింటు తీశాక గానీ తెలియదు. అఫిడవిట్ స్టాంపు పేపరు మీద ప్రింటయ్యాక తెలిస్తే ఆ పేపరు డబ్బులు మీవే.

అందుకని కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ప్రొఫైల్స్, అంటే ఎవరికి వారు పెట్టుకున్న ఈ అమరికలు, కీబోర్డులోనే సేవ్ అవుతాయా, ఏదో రెండు కీలు నొక్కితే మారతాయా? చాలావాటిలో ఎఫ్ఎన్‌తో ఇంకో కీ నొక్కితే ప్రొఫైల్ మారుతుంది. అలా కాకుండా ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ తెరిచి మార్చాల్సిన కీబోర్డైతే మీ ఇంట్లో రోజూ గొడవే. రెండు ప్రొఫైల్స్ చేయించండి. మీదానిలో అన్ని కీలూ 2 మిల్లీమీటర్లు, ర్యాపిడ్ ట్రిగ్గర్ పూర్తిగా బంద్. చేయి తేలికైతే 1.8 పెట్టుకోండి, అంతకంటే తగ్గించొద్దు. అతనిదానిలో ఆ నాలుగు కీలు ముందు 0.8 దగ్గర, ర్యాపిడ్ ట్రిగ్గర్ 0.3 దగ్గర మొదలుపెట్టి, అలవాటయ్యాక నెమ్మదిగా తగ్గించుకోమనండి. మిగతా కీలు 1.5 దాకా ఉండొచ్చు. బాంబులు విసిరే కీ పొరపాటున తగిలితే నష్టం అతనికే. ప్రొఫైల్‌ని బట్టి లైట్ల రంగు మారే సదుపాయముంటే మీది తెలుపు, అతనిది ఎరుపు పెట్టండి. పొద్దున కూర్చోగానే ఎరుపు కనబడితే మీకు అర్థమైపోతుంది. లైట్లు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

కీల స్పర్శ గురించి ముందే చెప్పాలి. హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లు దాదాపు అన్నీ లీనియర్, అంటే నొక్కుతుంటే నున్నగా కిందికి జారిపోతాయి, అక్షరం పడిన చోట వేలికి చిన్న గతుకు తగలదు. పాత రబ్బరు కీబోర్డు నుంచి వచ్చినవాళ్లకు మొదటి వారం తప్పులు పెరుగుతాయి, తర్వాత సర్దుకుంటుంది. ఆ వారం అర్జెంటు పనులు ఒకటికి రెండుసార్లు చదువుకుని ఇవ్వండి. గతుకు ఉంటేనే టైపు సాగుతుందనే చేతులు కొన్ని ఉంటాయి. మీదీ అలాంటి చేయైతే ఈ రకమే మీకు కాదు, మామూలు మెకానికల్‌లో టాక్టైల్, అంటే గతుకు తగిలే స్విచ్‌లది తీసుకోండి, అది ఇంతకంటే చవక కూడా. ఇది తెలియాలంటే కొట్టి చూడాల్సిందే. హైదరాబాద్ వెళ్లే పని పడితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, అక్కడి షాపుల్లో అడిగితే కొట్టి చూడనిస్తారు. నాలుగు ఇంగ్లిష్ మాటలు కొట్టి వచ్చేయకండి. షాపులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్ చేయించి, మీరు రోజూ కొట్టే దరఖాస్తు ఒకటి మొదటి నుంచి చివరి దాకా కొట్టండి. వెనక నిలబడిన కుర్రాళ్లు చూస్తే చూడనివ్వండి.

దుమ్ము విషయంలో ఇది మీకు మేలే. లోహపు రేకులు తాకుకునే పనే లేదు కాబట్టి, వాటి మధ్య దుమ్ము చేరి అక్షరం పడకపోవడం, ఒకటి కొడితే రెండు పడడం లాంటివి ఉండవు. అలాగని దుమ్ము ఏమీ చేయదని కాదు, కాడ పక్కన పేరుకుంటే కీ గరగరలాడుతుంది. నెలకోసారి బ్రష్ పెట్టి దులపండి, షాపు మూసేటప్పుడు పైన గుడ్డ కప్పండి. పక్కన వెల్డింగ్ షాపుంటే మాత్రం జాగ్రత్త, ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటుంది. టీ ఒలికితే ఇదీ మామూలు కీబోర్డులాగే పోతుంది, అందులో తేడా లేదు.

ఎండ విషయం వేరు. వేడికి అయస్కాంతం బలం కొద్దిగా తగ్గుతుంది, సెన్సరు లెక్క కూడా కాస్త జరుగుతుంది. మన నల్గొండ జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు, మీ గదిలో ఏసీ ఉండదనుకుంటా. మంచి కీబోర్డులు ఈ తేడాను సర్దుకుంటాయి, చవకవి అన్నీ సర్దుకోవు. 2 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకున్న మీకు ఆ కొద్ది తేడా తెలియనే తెలియదు. 0.1 దగ్గర పెట్టుకుంటే మీ తమ్ముడికే, ఎవరూ నొక్కకుండా ఆటలోని మనిషి తనంతట తానే నడిచిపోతుంటాడు. అలా అయితే సాఫ్ట్‌వేర్‌లో క్యాలిబ్రేషన్ అని ఉంటుంది, ప్రతి కీని అడుగంటా నొక్కి వదిలితే కొత్త లెక్క రాసుకుంటుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేసుకుంటే చాలు.

ఆ సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీలకు ఇప్పుడు వెబ్ పేజీగానే ఉంటోంది. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో తెరుచుకుంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో కీబోర్డును గుర్తుపట్టదు. అది చూసి కీబోర్డు చెడిపోయిందని షాపుకి తిరగకండి. కొనేముందే ఆ పేజీ పనిచేస్తోందా, ఇంగ్లిష్‌లో ఉందా చూడమని తమ్ముడికి చెప్పండి. మరీ చవకవాటిలో కొన్నిటికి ఆ పేజీ సగం చైనీస్‌లోనే ఉంటుంది.

వైర్‌లెస్ వద్దు. ఈ సెన్సర్లకు ఎప్పుడూ కరెంటు కావాలి, బ్యాటరీ త్వరగా తినేస్తాయి, డబ్బూ ఎక్కువే. మీరు కదలని బల్ల మీద పనిచేస్తున్నారు, వైరుతో వచ్చే ఇబ్బందేమీ లేదు.

కీల మీద తెలుగు అక్షరాలుండవు. మీకు అవసరం లేకపోవచ్చు, మీరు లేనప్పుడు ఇంకెవరైనా కొడతారంటే స్టిక్కర్లు అంటించుకోవాలి, అంటిస్తే లోపలి లైటు అక్షరాల్లోంచి కనబడదు. కీక్యాప్‌లు, అంటే వేలు తగిలే పై తొడుగులు, మాత్రం పీబీటీ ప్లాస్టిక్‌వి చూసుకోండి, ఏబీఎస్ ప్లాస్టిక్ మీ వాడకానికి ఏడాదిలో నూనె రాసినట్టు మెరుస్తుంది. చాలా హాల్ ఎఫెక్ట్ స్విచ్‌ల పైభాగం మామూలు మెకానికల్ వాటిలాగే కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది కాబట్టి కీక్యాప్‌లు తర్వాత మార్చుకోవచ్చు. స్విచ్‌లు మాత్రం అలా కాదు. మెకానికల్ స్విచ్ ఇందులో పనిచేయదు, వేరే కంపెనీ మాగ్నెటిక్ స్విచ్ కూడా అయస్కాంతం బలం, దిశ కలిస్తేనే సరిగ్గా పనిచేస్తుంది. పెట్టెలో అదనంగా రెండు మూడు స్విచ్‌లు ఇస్తే వాటిని దాచిపెట్టండి.

ధర విషయానికొస్తే, నాలుగైదు వేలకు దొరికేవీ ఉన్నాయి, ఇరవై వేలు దాటేవీ ఉన్నాయి. మీ పనికి, అతని ఆటకు ఖరీదైనది అక్కర్లేదు. ఆరు వేలలో నంబర్ ప్యాడ్ డబ్బు తీసి పక్కన పెట్టి, మిగిలినదానితో 75 శాతం లేదా టీకేఎల్ చూడండి. రెండు సమానంగా కనిపిస్తే మన దేశంలో వారంటీ ఇచ్చేది తీసుకోండి, విదేశం నుంచి తెప్పించే సైట్లలో ఐదు వందలు తగ్గినా వద్దు. ఇంటికి రాగానే మొదటి రోజే ప్రతి కీ, రెండు షిఫ్టులూ, ఎంటరూ, ముఖ్యంగా ఆ స్పేస్ బారు రెండు చివర్లా కొట్టి చూడండి. వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే తేలిపోవాలి.

పాతది పారేయకండి. ఈ కీబోర్డులకు అప్పుడప్పుడు ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డు లోపలుండే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ వస్తుంటుంది. అది ఎక్కుతుండగా కరెంటు పోతే కొత్త కీబోర్డు మొద్దుబారి, మళ్లీ సరిచేసేదాకా ఒక్క అక్షరం కూడా కొట్టదు. యూపీఎస్ లేకుండా అప్‌డేట్ చేయొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి, అదీ షాపు సెలవున్న రోజే చేయమనండి. అయినా ఏదో ఒక సోమవారం పొద్దున వాకిట్లో నలుగురు నిలబడి ఉండగా అలా జరిగితే, స్పేస్ బారు ఒక్కోసారి పడని ఆ పాతదే మీ షాపు నడపాలి. గుడ్డలో చుట్టి ప్రింటర్ కింద పెట్టండి.